పచ్చి జీడికర్రలు

శ్రీకాకుళంలో ఊపిరితిత్తుల డాక్టరు అమ్మను అడిగిన మొదటి ప్రశ్న, చుట్ట తాగే అలవాటు ఉందా అని. అమ్మ వయసు ఉద్దానం ఆడవాళ్ళలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి అలా అడగడంలో తప్పేమీ లేదు. కిడ్నీ జబ్బుకు పేరుపడ్డ ఉద్దానం మనిషి అనగానే అందరు డాక్టర్లూ చేసినట్టే ఆయనా ముందు కిడ్నీ పరీక్షలు రాశాడు. అవి బాగానే వచ్చాయి. తరవాత ఎక్స్‌రేని లైటు ముందు పెట్టి చాలాసేపు చూశాడు. చుట్ట లేదు, బీడీ లేదు అని అమ్మ చెప్పాక, అయితే ఇది పొయ్యి పొగే అన్నాడు. ఆ తరం ఆడవాళ్ళందరికీ ఎంతో కొంత ఉంటుంది గానీ ఈమెకు మరీ ఎక్కువగా ఉంది, ఏం కట్టెలు కాల్చేవారు అని అడిగాడు. మందుల చీటీ రాస్తూ ఊరికే అడిగిన మాట అది. ఆయాసం వల్ల అమ్మ ఏ మాటకైనా కొంత వ్యవధి తీసుకుంటుంది. కాసేపటికి, ఏవి దొరికితే అవి అంది. ఏ కట్టెలో నాకు తెలుసు. అవి ఏ చెట్టువో, ఎన్నాళ్ళు ఎండాయో, ఎవరు ఏరి ఇచ్చారో, ఎవరు మోసుకెళ్ళి అమ్మ ముందు పడేశారో కూడా తెలుసు. డాక్టరుకి అదంతా అక్కర్లేదు. నేను చీటీ తీసుకుని లేచాను.

తిరిగి టెక్కలిలో మేముండే ఇంటికి వస్తుంటే దారిలో కారు డ్రైవరు భోజనానికి ఆపాడు. హైవే పక్క కొత్తగా పెట్టిన హోటలు. పైన పెద్ద బోర్డు, కట్టెల పొయ్యి మీద వండిన భోజనం అని. వచ్చినవాళ్ళకు కనబడేట్టు ముందే నాలుగు మట్టి పొయ్యిలు పెట్టి, వాటి వెనక నలుగురు ఆడవాళ్ళను కూచోబెట్టారు. చదువుకున్న పిల్లలు ఆ పొయ్యిల పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకావిడ మండని కట్టెను గొట్టంతో ఊదుతూ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. ఆ కట్టె కొసన నురుగు కక్కుతోంది. పచ్చిది. పొగ మా కారు వైపు తిరిగేసరికి అమ్మకు దగ్గు తెర ఎత్తుకుంది, ఎంతకీ ఆగలేదు. డ్రైవరుకి భోజనం వేరే చోట చేద్దువుగాని బాబూ అని చెప్పి అక్కడి నుంచి బయల్దేరదీశాను. ఆ రుచి కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారట. రుచి తిన్నవాళ్ళకే తెలుస్తుంది. వండినవాళ్ళకు ఏం మిగిలిందో ఆ ఎక్స్‌రేలో ఉంది.

మా ఊరు సోంపేటకీ సముద్రానికీ మధ్య, కొబ్బరి తోటలూ జీడి తోటలూ తప్ప వేరే ఏమీ కనిపించని ఇసక నేలలో ఉంది. ఇప్పుడు ఆ తోటల్లో సగం లేవు, తుఫానుకి పడిపోయినవి పడిపోగా మిగిలినవి అక్కడొకటీ ఇక్కడొకటీ నిలబడి ఉన్నాయి. నా చిన్నతనంలో మాత్రం పెరట్లోకి దిగితే చాలు, కాళ్ళకింద జీడాకులు చప్పుడయ్యేవి. పెరటి చివర వంటసాల, దానికి ఎడంగా కట్టెల సాల. వంటసాల అమ్మది, కట్టెల సాల నానమ్మది. ఆ విభజన ఎవరు చేశారో తెలియదు గానీ, నాకు ఊహ తెలిసేసరికే అది అలా ఉంది. అమ్మ తన చేత్తో కట్టెల సాలలోంచి ఒక పుల్ల తీసుకోవడం నేను చూడలేదు. ఏ పూటకు ఏ కట్టెలు, ఎన్ని అనేది నానమ్మ చెప్పేది. వాటిని వంటసాలకు మోసుకెళ్ళడం నా పని.

నానమ్మ పొడుగాటి మనిషి. చెవులకు పెద్ద కమ్మలు, నడుముకు బిగించి చుట్టిన ముతక చీర, చేతిలో ఎప్పుడూ ఒక చిన్న కత్తి. కట్టెల విషయంలో ఆవిడకు తెలియనిది లేదు. మందస కొండల వైపు నుంచి కావళ్ళతో కట్టెలు తెచ్చి అమ్మేవాళ్ళు మా వీధిలోకి రాగానే, చుట్టుపక్కల ఆడవాళ్ళు ముందు నానమ్మను పిలిచేవారు. ఆవిడ మోపులోంచి రెండు కర్రలు లాగి ఒకదానితో ఒకటి కొట్టేది. ఎండినవైతే గట్టిగా ఖణేల్‌మని మోగుతాయి, పచ్చివైతే బొంగురుగా చప్పుడొస్తుంది. "కర్రని కంటితో సూడకు గుంటా, సెవితో సూడు," అనేది నాతో. తరవాత కోసిన కొస చూపించేది. ఎండిన కట్టె కొసన మధ్యలోంచి అంచుకు పగుళ్ళు పాకి ఉంటాయి. బెరడు కింద గోటితో గీకితే పచ్చగా కనబడకూడదు. రెండూ ఒకే లావున్నప్పుడు తేలికగా ఉన్నదే ఎండినది. సరుగుడు తొందరగా అంటుకుంటుంది, మంట సమంగా ఉంటుంది, పొద్దుటి వంటకు అదే. పప్పు ఉడకాలన్నా, పశువులకు ఉలవలు ఉడకేయాలన్నా చింత. నిప్పు చాలాసేపు నిలవాలంటే తుమ్మ. కొబ్బరి మట్ట రాజెయ్యడానికే గాని వంటకు నిలవదు. మునగ, బూరుగు ఇంటికే తేకూడదు, బూడిద తప్ప వేడి ఉండదు. జీడి ఏడాది ఎండితే మంచి కట్టే. పచ్చిది మాత్రం పొయ్యిలో పెట్టకూడదు. జిగురు కారుతుంది, ఆ పొగకు కళ్ళు పోతాయి. ఇవన్నీ నాకు తొమ్మిదేళ్ళప్పుడే వచ్చు. నేర్పినందుకు పొంగిపోయేదాన్ని. నానమ్మ కాల్చిన జీడిపిక్కలు కొట్టి, పప్పు నా ఒళ్ళో పోసేది. ఆ ఇంట్లో నన్ను అంత ముద్దు చేసినవాళ్ళు మరొకరు లేరు.

అమ్మ టెక్కలి పిల్ల. వాళ్ళ నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. పదో తరగతి దాకా చదివింది, మా ఊళ్ళో అంత చదివిన ఆడమనిషి అప్పటికి మరొకరు లేరు. పక్క ఊళ్ళో చిన్నపిల్లలకు బాలబడి పెట్టినప్పుడు, పెద్దమనుషులు వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చి, ఈ కోడలు పిల్ల వస్తుందా అని అడిగారు. నాన్న నానమ్మ వైపు చూశాడు. నానమ్మ కాదనలేదు. వంట చేసి వెళ్ళమనండి, నాకేం అడ్డం అంది, నవ్వుతూనే. పెద్దమనుషులు సంతోషపడి వెళ్ళిపోయారు. ఎనిమిదింటికల్లా బడి తెరవాలి. జీడి తోటల్లోంచి గంట నడక. అంటే ఏడు కొట్టేసరికి ఇంటిల్లిపాదికీ, తోటలో పనివాళ్ళకీ మధ్యాహ్నం దాకా సరిపడా అన్నం, కూర, పులుసు దింపాలి. అమ్మ చీకటితోనే లేచేది. పాత క్యాలెండర్లలోంచి ఏనుగునీ, మామిడిపండునీ, రైలునీ కత్తిరించి అట్టల మీద అంటించుకుంది. ఇల్లు అలుకుతున్నా, బియ్యం చెరుగుతున్నా లోలోపల ఏవో పిల్లల పాటలు గొణుక్కునేది. ఆ పాటలు నాకు ఎప్పుడూ పాడలేదు. చెప్పులు వేసుకుని, జడ చుట్టి ముడేసుకుని, పుస్తకాలు పట్టుకుని అమ్మ వీధిలోకి నడిచి వెళ్ళినప్పుడు ఆమె ముఖం ఇంట్లో ఉండే ముఖంలా ఉండేది కాదు. ఇది నాకు నచ్చలేదు. నచ్చలేదని అప్పుడు ఎవరితోనూ అనలేదు.

వారం రోజులు బాగానే జరిగింది. ఎనిమిదో రోజునో, తొమ్మిదో రోజునో నానమ్మ సాలలో కుడివైపు పేర్చిన సరుగుడు వదిలేసి, తోటలో కొత్తగా నరికిన జీడికొమ్మలు చూపించి, ఇవి మీయమ్మకు పట్టుకెళ్ళు అంది. ఎండువి వానలకు దాచాలి అంది. నేను నమ్మాను. ఆ పొద్దున మొదలు పొయ్యి సరిగా అంటుకోలేదు. కొబ్బరి మట్ట పెట్టినంతసేపూ మంట లేచేది, అది పడిపోగానే జీడికర్ర కొసల్లోంచి నురుగు వచ్చి, పొగ తప్ప ఏమీ ఉండేది కాదు. అమ్మ నేలకు ముఖం ఆనించి గొట్టంతో ఊదేది, లేచి దగ్గేది, మళ్ళీ వంగేది. ఎసరు మరగడానికే గంట పట్టేది. జిగురు తగిలి చేతివేళ్ళ మీద పొక్కులు లేచాయి. ఆ పొక్కులతోనే పరిగెత్తి బడికి వెళ్ళేది. వెళ్ళేసరికి పిల్లలు అరుగు మీద కూచుని ఏడుస్తుండేవారట. ఎండు కట్టె కావాలని అమ్మ ఒకసారి అడిగింది. నానమ్మ ఏమీ కోప్పడలేదు. టౌను పిల్లవి కదా, పొయ్యి రాజెయ్యడం రాదు, మెల్లిగా వస్తుందిలే అంది. ఆ మాట ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళతోనూ చెప్పింది. నాన్న కూడా చివరికి అదే అన్నాడు, పొయ్యి రాజెయ్యడం రాకపోతే ఎలా అని. ఆయన జీడి తోట ఆసామీ. పచ్చి జీడికర్ర పొగ ఎలా ఉంటుందో ఆయనకు తెలియదనుకోను.

ఒకరోజు నానమ్మ గుడి పని మీద పెందలాడే బయటికి వెళ్ళింది. నేను నా అంతట నేనే సాలలోకి వెళ్ళి, ఎండు సరుగుడు చంకనిండా తెచ్చి అమ్మ ముందు పడేశాను. అమ్మ ఒక కర్ర చేతిలోకి తీసుకుని నా వైపు చూసింది. అన్నం, పప్పు, పులుసు ఏడు కాకముందే అయిపోయాయి. అమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, వెళ్ళేటప్పుడు నా బుగ్గ గిల్లింది. ఆ సాయంత్రం నానమ్మ సాలలోకి వెళ్ళి చూసుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ఒళ్ళో కూచోబెట్టుకుని నా తల చిక్కు తీస్తూ, ఎంతో నెమ్మదిగా అడిగింది.

"మీయమ్మ రోజూ అలగ ఎల్లిపోతే నీ జడ ఎవులేత్తారే? నువ్వు బడి నుంచి వచ్చీసరికి ఇంట్లో ఎవులుంటారు? ఆ ఊరోల పిల్లల్ని ఒళ్ళో కూకోబెట్టుకుంటాదట, నిన్ను కూకోబెట్టుకుంటందా?"

నేను లేదన్నాను.

"మరి నీకే ఒగ్గీసినాను. ఏ కర్రలు తీసుకెల్తావో నీ ఇష్టం," అంది.

నానమ్మ మీద నా కోపమంతా ఆ ఒక్క మాట దగ్గరే ఆగుతుంది. ఆవిడ నన్ను బలవంతం చేసి ఉంటే నాకు ఇన్నేళ్ళు ఇంత ఇబ్బంది ఉండేది కాదు. మర్నాడు పొద్దున్న నేను సాలలో రెండు గుట్టల మధ్య నిలబడ్డాను. ఏది ఏదో నాకు బాగా తెలుసు. జీడికర్రలే ఎత్తుకున్నాను. ఆ తరవాత నానమ్మ ఎప్పుడూ చెప్పాల్సిన అవసరం రాలేదు. రోజూ నేనే ఏరేదాన్ని, గోటితో గీకి, పచ్చగా ఉన్నవే. పొగలో అమ్మ దగ్గుతుంటే నేను గుమ్మం దగ్గర నిలబడి, ఇవాళ వెళ్ళదేమో అనుకునేదాన్ని. ఇప్పుడు రాస్తుంటే ఈ వాక్యం నా చేతికి రావడం లేదు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే అది నిజం.

అమ్మ ఊరుకోలేదు. పచ్చి కర్రలను చిన్నగా చీల్చి, వంట అయ్యాక పొయ్యి గట్టు మీద పేర్చి, ఆ వేడికి ఎండబెట్టడం మొదలుపెట్టింది. మర్నాటికి అవి కొంత నయంగా మండేవి. అలా ఓ పది రోజులు గడిచాయి. బాలబడులు తనిఖీ చేసే అమ్మగారు ఫలానా రోజు పొద్దున్నే వస్తారని కబురొచ్చింది. ముందురోజు అమ్మ రెండు పూటలకు సరిపడా కర్రలు గట్టు మీద ఆరబెట్టుకుంది. తెల్లారకుండానే నానమ్మ నన్ను లేపింది. పెరట్లో స్నానాల నీళ్ళ పొయ్యి దగ్గర కూచుని, గట్టు మీద పుల్లలున్నాయి, పట్టుకురా అంది. అమ్మ అప్పుడు పాకలో ఆవు పాలు పిండుతోంది. నేను ఒక్కొక్కటీ ఏరి, నీళ్ళ పొయ్యి దగ్గరకు చేరేశాను. అవి చక్కగా మండాయి. అమ్మ పాల చెంబుతో లోపలికి వచ్చి ఖాళీ గట్టు చూసింది, పెరట్లో మంట చూసింది. చెంబు కింద పెట్టి, సాలలోంచి నేను తెచ్చిపెట్టిన పచ్చి మోపు విప్పింది.

ఆవేళ అమ్మ వెళ్ళేసరికి ఆ అమ్మగారు అరుగు మీద పిల్లల మధ్య కూచుని ఉందట. ఆలస్యం ఇది మొదటిసారి కాదని ఊరివాళ్ళు ముందే చెప్పారు. వంట ఆలస్యమైందని అమ్మ చెబితే, వంట అందరిళ్ళలోనూ ఉంటుందమ్మా అందట. హాజరు పుస్తకం అక్కడే తీసుకుంది. మర్నాటి నుంచి ఆ ఊరి పిల్లే ఒకతె బడి తెరిచింది. అమ్మ పదకొండింటికి ఇంటికి వచ్చి, చెప్పులు చూరు కింద విడిచి, కాళ్ళు కడుక్కుని, సరాసరి వంటసాలలోకి వెళ్ళింది. ఏనుగు బొమ్మ, రైలు బొమ్మ అంటించిన అట్టలు అక్కడే బడిలో వదిలేసి వచ్చింది. ఆ పూట నేను బడికి వెళ్ళలేదు. అమ్మ నాకు జడ వేసింది. నేను కోరుకున్నది నాకు దొరికింది. జడ వేస్తున్నంతసేపూ వెనక నుంచి ఆమె ఊపిరి గరగరమని వినిపించింది.

మరుసటి రోజు నుంచి నానమ్మ ఎండు సరుగుడు ఇచ్చింది. దాచుకోవాల్సిన వానాకాలం అప్పటికి ఇంకా రానే లేదు. అమ్మ కొత్తగా వచ్చిన ఆ కట్టెను తిప్పి చూసి, పొయ్యిలో పెట్టింది. నానమ్మతో అవసరానికి మించి ఒక్క మాట ఆ తరవాత మాట్లాడలేదు. నానమ్మ పోయింది నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, ముసుర్లు పట్టిన రోజుల్లో. ఊళ్ళో ఎవరింట్లోనూ పొడి కట్టె లేదు. దహనానికి ఏ కట్టెలు తియ్యమంటారని మగవాళ్ళు వచ్చి అడిగితే, అమ్మ కొంగు బిగించి మొదటిసారి ఆ సాలలోకి వెళ్ళింది. అడుగున దాచిన చింత మొద్దులు ఒక్కొక్కటీ తట్టి చూసి, తానే ఏరి బయట పెట్టించింది. "ముసల్దానికి పొగ పడదు. ఎండువే తీసికెల్లండి," అంది. వాళ్ళు దాన్ని అత్తగారి మీద గౌరవం అనుకున్నారు.

నాన్న పోయిన ఏడాదే నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. అమ్మ తోట కౌలుకిచ్చేసి నాతో టెక్కలి వచ్చేసింది. అప్పటి నుంచీ ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం. నా పెళ్ళి, మా వారు పోవడం, నేను రిటైరవడం, అన్నీ ఆ ఇంట్లోనే. గ్యాసు వచ్చాక పొయ్యి మూలన పడింది. కట్టెల మాట మా మధ్య ఎప్పుడూ రాలేదు. అమ్మకు తెలియదని నేను నిశ్చయించుకున్నాను, తెలియకుండా ఉంటేనే మంచిదనీ అనుకున్నాను. డాక్టరు దగ్గర నుంచి వచ్చిన సాయంత్రం, మందు పొగను ముక్కులోకి పంపే మిషను మొదటిసారి పెట్టి, ఆమె ముఖానికి మాస్కు తగిలిస్తూ ఇక దాచలేకపోయాను. చెప్పేశాను. ఆ జీడికర్రలు పచ్చివని నాకు తెలుసమ్మా, తెలిసే తెచ్చేదాన్ని, గట్టు మీద పుల్లలు తీసిందీ నేనే అన్నాను.

అమ్మ మాస్కు పక్కకు జరుపుకుంది.

"నాకు తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు సరుగుడు తెచ్చిన మర్నాడే. మళ్ళీ జీడి తెచ్చి పడేసినావు. నీ మొకం సూసేను. నువ్వు నా మొకం సూళ్ళేదు."

మరి అప్పుడే ఎందుకు అడగలేదు, ఒక దెబ్బ వేసినా బాగుండేది కదా అన్నాను. అమ్మ ఊపిరి కూడదీసుకుంది.

"మీ నానమ్మనైతే అడిగేదాన్ని. మీ నాన్ననీ అడిగేదాన్ని. కన్నపిల్లే అమ్మ ఎల్లకూడదనుకుంటే, ఆ పిల్లనేటడుగుతాను? ఎప్పుడైనా నువ్వే సెప్తావని సూసేను. నీ పెళ్ళి దాకా సూసేను. తరవాత సూడ్డం మానేసినాను."

చిన్నపిల్లవి, నీకేం తెలుసులే అని ఆమె అంటుందని నేను ఎదురుచూశాను. ఇన్నేళ్ళు మనసులో ఆ మాట ఆమె చేత నేనే చాలాసార్లు అనిపించుకున్నాను. అమ్మ అది అనలేదు. ఇంకొకటి అడిగింది.

"నువ్వు ఉద్దోగం సేసిన ఇన్నేళ్ళలో, నీ కేరేజీ ఏ పొద్దైనా ఆలీసం సేసేనా?"

లేదన్నాను. ఒక్కరోజు కూడా లేదు. వానైనా, జొరమైనా, గ్యాసు అయిపోయి పెరట్లో పొయ్యి వెలిగించాల్సొచ్చినా, ఏడింటికల్లా నా క్యారేజీ గుమ్మం దగ్గర బల్ల మీద ఉండేది. ముప్ఫై ఏళ్ళకు పైగా నేను బడికి ఒక్క పూట ఆలస్యంగా వెళ్ళలేదు. దానికి నాకు ఒకసారి శాలువా కూడా కప్పారు.

అమ్మ మాస్కు తనే సర్దుకుని, మిషను వైపు వేలు చూపించింది. నేను స్విచ్చి వేశాను. ఆ చప్పుడులో ఇంకేమీ మాట్లాడడానికి వీల్లేదు.